ప్యాకేజీని ఎవరి కోసం విడగొడుతున్నారు?

ప్రశ్న: నేను విజయవాడలో ఒక చిన్న సంస్థలో ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల పేజీల నుంచి అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే ప్రోగ్రాం ఒకటి పైథాన్‌లో రాశాను. గుర్తించే పని టెసరాక్ట్ అనే ప్రోగ్రాం చేస్తుంది. పేజీలను దానికి వరుసగా అందించడం, వచ్చిన పాఠాన్ని సర్దడం నా ప్రోగ్రాం పని. దాన్ని డెబియన్ (ఒక లినక్స్ పంపిణీ) ప్యాకేజీగా చేసి, ప్యాకేజీలు దించుకునే మా సొంత నిల్వలో (రిపాజిటరీ) ఉంచాం. కమాండ్ లైన్ ప్రోగ్రాం, జీటీకే అనే గ్రాఫిక్స్ లైబ్రరీతో చేసిన విండో, 6 ఎంబీ నమూనా పేజీలు, చిన్న మాన్యువల్, అన్నీ ఒకే ప్యాకేజీలో ఉన్నాయి. ఎన్ని తప్పులు దొరికాయో చూపే గ్రాఫు కోసం మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీని కూడా డిపెండెన్సీగా (వెంట తప్పక దిగే ప్యాకేజీగా) పెట్టాను. మానిటర్ లేని సర్వర్‌లో దీన్ని వాడే ఒకాయన, "నాకు కావలసింది కమాండ్ ఒక్కటే, ఇంత గ్రాఫిక్స్ సరంజామా ఎందుకు దిగుతోంది?" అని రాశారు. దాంతో కమాండ్, విండో, పైథాన్ మాడ్యూల్, నమూనాలు, మాన్యువల్ అని అయిదు ప్యాకేజీలుగా విడగొడదామనుకున్నాను. మా సీనియర్ మాత్రం "డిస్క్ చవక, నడుస్తున్నదాన్ని కదిలించకు" అంటున్నారు. ఎవరి మాట వినాలి? విడగొట్టడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలి?

సమాధానం: అయిదు అక్కర్లేదు, రెండు చాలు. కమాండ్‌కు ఒకటి, విండోకు ఒకటి. నమూనాలు, మాన్యువల్, మాడ్యూల్ కమాండ్‌తో పాటే ఉండనివ్వండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ సమస్య విడగొట్టకుండానే తీరిపోతుంది. మీ సీనియర్ జాగ్రత్త సరైనదే, కానీ దానికి ఆయన చెప్పిన కారణం సరైనది కాదు.

విడగొట్టాలని కూర్చున్నప్పుడు చాలామంది చూసేది తమ సోర్స్ కోడ్‌ను. ఇక్కడొక ఫోల్డరు, అక్కడొక ఫోల్డరు, కాబట్టి ఒక్కోదానికి ఒక ప్యాకేజీ అనుకుంటారు. మీ అయిదు పేర్లు కూడా అలా వచ్చినవేనని నా అనుమానం. కోడ్ విభజన రాసేవాళ్ల సౌకర్యం కోసం. ప్యాకేజీల విభజన ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ల కోసం. అందుకని మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ భాగం కావాలి, ఆ భాగం వద్దు అనే మనిషి నిజంగా ఉన్నాడా? ఉంటే, ఆ వద్దన్న భాగం అతని నెత్తిన ఎంత బరువు పెడుతోంది? రెండు ప్రశ్నలకూ గట్టి జవాబు ఉంటేనే విడగొట్టాలి. ఉండొచ్చు, రేపు ఎవరైనా అడగొచ్చు అనేవి జవాబులు కావు.

డెబియన్‌లో గిట్‌ను (కోడ్ మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రాం) చూడండి. సోర్స్ ఒక్కటే, దాని కింద వందకు పైగా కమాండ్లు. వాటిలో దాదాపు అన్నీ గిట్ అనే ఒకే ప్యాకేజీలో ఉంటాయి, ఎందుకంటే కమిట్ కావలసిన మనిషికే లాగ్ కావాలి, బ్రాంచ్ కావాలి. విడిగా పెట్టినవి ఏమిటి? టీసీఎల్ భాష, దాని విండో లైబ్రరీ టీకే ఉంటే తప్ప తెరుచుకోని గిట్‌కే, గిట్-గూయీ. సబ్‌వెర్షన్ పెర్ల్ లైబ్రరీలు లేనిదే నడవని గిట్-ఎస్‌వీఎన్. ఈమెయిల్ ద్వారా ప్యాచ్‌లు పంపే గిట్-ఈమెయిల్. కోడ్ ఎన్ని ముక్కలుగా ఉందో అక్కడ ఎవరూ లెక్కపెట్టలేదు. బరువైన డిపెండెన్సీ ఎక్కడ మొదలవుతోందో, దాన్ని కోరేవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కడ వేరుపడుతున్నారో చూసి అక్కడే గీత గీశారు. మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ వైర్‌షార్క్. నెట్‌వర్క్ ప్యాకెట్లను విండోలో చూపే వైర్‌షార్క్ ఒక ప్యాకేజీ, అదే పనిని టెర్మినల్‌లో చేసే టీషార్క్ మరొకటి, ఇద్దరికీ కావలసిన ఫైళ్లు వైర్‌షార్క్-కామన్‌లో. సర్వర్ మీద టీషార్క్ పెట్టుకునేవాళ్లకు విండోలు గీసే క్యూటీ లైబ్రరీలతో పని లేదు. మీ సర్వర్ మనిషి పరిస్థితి సరిగ్గా ఇదే.

మీరు వాడుతున్న టెసరాక్ట్‌లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. తెలుగు డేటా టెసరాక్ట్-ఓసీఆర్-టెల్ అనే విడి ప్యాకేజీలో ఉంది. ప్రతి భాషకూ అలాగే ఒకటి. తెలుగు చదివించేవాళ్లకు ఫిన్నిష్ డేటా అక్కర్లేదు, అన్నీ కావాలనేవాళ్లకు టెసరాక్ట్-ఓసీఆర్-ఆల్ ఉండనే ఉంది. అక్కడ భాషకో ప్యాకేజీ సబబే, ఎందుకంటే ప్రతి భాష వెనుకా ఆ భాష మాత్రమే కావలసిన మనుషులు ఉన్నారు. మీ ప్రోగ్రాం తెలుగు కోసమే కాబట్టి ఆ డేటా మీకు ఐచ్ఛికం కాదు. దాన్ని తప్పనిసరి డిపెండెన్సీలు రాసే డిపెండ్స్ వరుసలోనే ఉంచండి.

ఇక డిస్క్ చవక అన్న మాట. డిస్క్ చవకే. కానీ సర్వర్‌లోకి దిగిన ప్రతి లైబ్రరీ అక్కడ తిష్ఠ వేస్తుంది. దానికి భద్రతా అప్‌డేట్లు వస్తుంటాయి, ఎవరో ఒకరు వాటిని పెట్టాలి, అందులో లోపం బయటపడితే మన యంత్రానికి ఎంత ప్రమాదమో ఆరా తీయాలి. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం దీనికి అందరికీ తెలిసిన రుజువు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి దాచారు. వాళ్ల గురి, దూరం నుంచి యంత్రంలోకి లాగిన్ కానిచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మీద. విచిత్రమేమిటంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో సంబంధమే లేదు. డెబియన్, ఫెడోరా వంటి పంపిణీలు, సర్వర్ మొదలయ్యాక "నేను సిద్ధం" అని, యంత్రంలో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి కబురు పెట్టడం కోసం దాన్ని లిబ్‌సిస్టమ్‌డీతో లింక్ చేశాయి. లిబ్‌సిస్టమ్‌డీ తన వేరే అవసరాల కోసం ఎక్స్‌జెడ్ లైబ్రరీ అయిన లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏను వెంట తెచ్చుకుంది. ఒక్క చిన్న కబురు కోసం అంత గొలుసు లోపలికి వచ్చింది.

ఆ గొలుసును తర్వాత ఎలా తెంచారో గమనించండి, మీ ప్రశ్నకు అది చాలా ముఖ్యం. ప్యాకేజీలు విడగొట్టి కాదు. కబురు పెట్టడమంటే ఒక సాకెట్‌లోకి ఒక చిన్న సందేశం రాయడమే, కాబట్టి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో ఆ చిన్న పనిని లైబ్రరీ లేకుండా సొంతంగా రాసుకున్నారు. సిస్టమ్‌డీ వైపు నుంచి, కంప్రెషన్ లైబ్రరీలను మొదటి నుంచీ లింక్ చేసి ఉంచకుండా, అవసరమైనప్పుడే తెరిచే పద్ధతికి మారారు. ఆ మార్పు దొంగదారి బయటపడకముందే మొదలైంది. అంటే అనవసరమైన డిపెండెన్సీ కనిపించగానే చేయవలసిన మొదటి పని విడగొట్టడం కాదు. అసలు అది ఉండాలా, ఉంటే ఎప్పుడు కావాలి అని అడగడం.

మీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు ఇదే మందు. అది మీ ప్రోగ్రాంలో ఒకే ఒక్క గ్రాఫు కోసం ఉంది. దాని వెంట నమ్‌పై, మరికొన్ని లైబ్రరీలు దిగుతాయి. గ్రాఫు కోసం మూడో ప్యాకేజీ పెట్టడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే. ఫైలు మొదట్లో ఉన్న ఇంపోర్ట్ వరుసను గ్రాఫు గీసే ఫంక్షన్‌లోకి మార్చండి. మాడ్యూల్ దొరకకపోతే వచ్చే ఎర్రర్‌ను పట్టుకుని, "గ్రాఫు గీయడానికి పైథాన్3-మ్యాట్‌ప్లాట్‌లిబ్ ప్యాకేజీ కావాలి, దాన్ని ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ప్రయత్నించండి" అని తెలుగులోనే చెప్పండి. ఆ సందేశంలో ప్యాకేజీ పేరు తప్పకుండా ఉండాలి. ఏదో మాడ్యూల్ దొరకలేదు అని ఇరవై వరుసల ట్రేస్‌బ్యాక్ చూసిన లైబ్రేరియన్‌కు అది ప్రోగ్రాం చెడిపోయినట్టే కనిపిస్తుంది. తర్వాత ప్యాకేజీ వివరాలు రాసే కంట్రోల్ ఫైలులో దాన్ని డిపెండ్స్ నుంచి సజెస్ట్స్‌కు దించండి.

డిపెండ్స్, రికమెండ్స్, సజెస్ట్స్ మధ్య తేడాను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అది లేకపోతే ప్రోగ్రాం నడవదు అంటే డిపెండ్స్. ప్రత్యేక పరిస్థితులు తప్ప అందరికీ కావలసిందే అంటే రికమెండ్స్. కొందరికి పనికి రావచ్చు అంటే సజెస్ట్స్. 2009లో విడుదలైన డెబియన్ వెర్షన్ లెన్నీ నుంచి, ప్యాకేజీలు దించే ఆప్ట్ రికమెండ్స్‌ను కూడా దానంతట అదే దించుతోంది. వద్దనుకునేవాళ్లు ఆ మేరకు ఆప్షన్ ఇవ్వాలి. కంటెయినర్లు (ప్రోగ్రాంను కావలసిన ఫైళ్లతో సహా విడిగా నడిపే చిన్న వ్యవస్థలు) తయారుచేసేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఇస్తారు.

అలాగైతే జీటీకేను కూడా రికమెండ్స్‌కు దించి ఒకే ప్యాకేజీతో సరిపెట్టవచ్చు కదా అని మీ సీనియర్ అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను మాత్రం ఒప్పుకోను. మీ ప్యాకేజీలో మెనూలో కనిపించే డెస్క్‌టాప్ ఫైలు ఉంది. రికమెండ్స్ వద్దనుకున్న యంత్రంలో ఆ ఐకాన్ మెనూలోకి వస్తుంది, నొక్కితే ఏమీ తెరుచుకోదు. ఒక గ్రాఫు రాకపోతే సందేశం చూపించి సర్దుకోవచ్చు. మెనూలో పేరు పెట్టుకున్న ప్రోగ్రాం తెరుచుకోకపోతే సర్దుకోవడానికి ఏమీ మిగలదు. డెస్క్‌టాప్ ఫైలు ఏ ప్యాకేజీలో ఉంటే జీటీకే ఆ ప్యాకేజీకి డిపెండ్స్‌గా ఉండి తీరాలి. ఇటు సర్వర్‌లో కమాండ్ వాడేవాళ్లు ఉన్నారు, అటు విండో తప్ప మరేదీ తెరవనివాళ్లు ఉన్నారు. ఇద్దరూ నిజమైన మనుషులు, వాళ్ల మధ్య తేడా ఒక పెద్ద గ్రాఫిక్స్ లైబ్రరీల గుంపు. విడగొట్టడానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

మిగతా మూడింటికి అలాంటి కారణం లేదు. చిన్న మాన్యువల్‌కు డిపెండెన్సీలు ఉండవు, అది ఎవరి మీదా బరువు పెట్టదు. అది కూడా వద్దనుకునేవాళ్లకు, ప్యాకేజీ ఫైళ్లను యంత్రంలో పెట్టే డీపీకేజీలోనే మార్గం ఉంది. ఫలానా ఫోల్డరు కిందికి వచ్చే ఫైళ్లను పెట్టకు అని సెట్టింగు రాసుకోవచ్చు, డెబియన్ స్లిమ్ కంటెయినర్లలో డాక్యుమెంట్లు ఉండకపోవడానికి అదే కారణం. నమూనా పేజీలదీ అదే సంగతి. 6 ఎంబీ దగ్గర నేను ఆగను. పెద్ద డేటాను విడిగా పెట్టమని డెబియన్‌లో చెప్పేమాట మీరు విని ఉంటారు. దాని కారణం వేరు: సీ భాషలో రాసిన ప్రోగ్రాం ప్రాసెసర్ రకానికి ఒకటి చొప్పున బిల్డ్ అవుతుంది, డేటా అందులోనే ఉంటే ప్రతి రకానికీ ఒక కాపీ మిర్రర్లలో పేరుకుపోతుంది. డెబియన్ 12 అయిన బుక్‌వర్మ్‌లో అలాంటి రకాలు 9. మీది పూర్తిగా పైథాన్, ప్యాకేజీ అన్ని ప్రాసెసర్లకూ ఒక్కటే. ఆ కారణం మీకు వర్తించదు.

పైథాన్ మాడ్యూల్ విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. దాన్ని పైథాన్3 అని మొదలయ్యే పేరుతో విడిగా పెడితే, ఇతరులు దీన్ని ఇంపోర్ట్ చేసుకోవచ్చు అని మీరు లోకానికి మాట ఇచ్చినట్టు. ఆ తర్వాత ఫంక్షన్ పేరు మార్చాలన్నా, ఒక పారామీటర్ తీసేయాలన్నా ఎవరి ప్రోగ్రాం విరుగుతుందో చూసుకోవాలి. ఇప్పటికి మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ప్రోగ్రాంకు చెందిన సొంత ఫోల్డరులో ఉంచుకోండి. నిజంగా మరో ప్రోగ్రాం రాసేవాళ్లు వచ్చి అడిగిన రోజున, వాళ్లకు ఏ ఫంక్షన్లు కావాలో విని, వాటికి స్థిరమైన రూపం ఇచ్చి అప్పుడు విడదీయండి.

విడగొట్టడానికి ఖర్చు ఉంటుంది, అది కనపడదు. బుక్‌వర్మ్ విడుదలైనప్పుడు అందులో 64,419 ప్యాకేజీలు ఉన్నాయని ప్రకటించారు. ప్రతి పేరూ సూచికలో చేరుతుంది, ఆ సూచికను లోకంలోని ప్రతి డెబియన్ యంత్రమూ దించుకుంటుంది. మీది సొంత రిపాజిటరీ కాబట్టి ఇప్పుడు ఆ భారం లేదు. రేపు డెబియన్‌లోకే పంపాలనుకుంటే మాత్రం, పాత సోర్స్ నుంచే వచ్చినా సరే, కొత్త ప్యాకేజీ పేరు ప్రతిదీ కొత్త ప్యాకేజీలను చూసే డెబియన్ బృందం పరిశీలనకు వెళ్లి అక్కడ వరుసలో నిలబడాలి. దానికంటే దగ్గరి ఖర్చు మీ వాడుకరులది. మీ ప్రోగ్రాం కోసం వెతికిన మనిషికి అయిదు పేర్లు కనిపిస్తే ఏది దించుకోవాలో ఎలా తెలుస్తుంది? తప్పుది దించుకుని, విండో రాలేదని మీకే ఉత్తరం రాస్తారు.

ఇక చేసే పద్ధతి. కోడ్‌తో మొదలుపెట్టండి. మీ ప్రధాన ఫైలు మొదటి పది వరుసలు తెరిచి చూడండి. కమాండ్ నడిచే దారిలో జీటీకే ఇంపోర్ట్ ఎక్కడ ఉన్నా, కంట్రోల్ ఫైలులో ఎంత అందంగా విడగొట్టినా సర్వర్‌లో మొదటి సెకనులోనే ఆగిపోతుంది. లింక్ చేసి వాడకుండా వదిలేసిన లైబ్రరీలు ఏవో సీ ప్రోగ్రాంలకు డీపీకేజీ పనిముట్లు బిల్డ్ సమయంలో హెచ్చరిస్తాయి. పైథాన్‌కు ఆ సాయం లేదు, మీ కళ్లే దిక్కు.

తర్వాత పేర్లు. నా సలహా ఏమిటంటే, పాత పేరును విండో ప్యాకేజీకి ఉంచండి. కమాండ్, మాడ్యూల్, మాన్యువల్, నమూనాలు కొత్త పేరున్న ప్యాకేజీలోకి వెళ్లాలి. పాత పేరున్నది కొత్తదాని మీద, సరిగ్గా అదే వెర్షన్ ఉండాలని చెబుతూ ఆధారపడాలి. ఇలా చేస్తే ఇప్పుడు వాడుతున్నవాళ్లు అప్‌గ్రేడ్ చేసినప్పుడు ఎవరికీ ఏదీ పోదు. ఇది ఎంత ముఖ్యమో 2024 మే నెలలో, పాస్‌వర్డులు దాచే కీపాస్‌ఎక్స్‌సీ విషయంలో అందరూ చూశారు. డెబియన్ అభివృద్ధి శాఖలో పాత పేరున్న ప్యాకేజీని బ్రౌజర్ అనుసంధానం వంటి సదుపాయాలు లేకుండా బిల్డ్ చేసి, అవి కావాలంటే కీపాస్‌ఎక్స్‌సీ-ఫుల్ పెట్టుకోండి అన్నారు. భద్రత కోసం చిన్నది ఉండాలన్న ఆలోచనలో తప్పు లేదు. కానీ మామూలుగా అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు పాస్‌వర్డులు బ్రౌజర్‌లోకి రావడం ఉన్నట్టుండి ఆగిపోయింది, ఫిర్యాదులు అసలు ప్రోగ్రాం రాసినవాళ్ల దాకా వెళ్లాయి. తగ్గించినదానికి కొత్త పేరు పెట్టి, పాత పేరును పాత పనికే ఉంచి ఉంటే ఆ గొడవ చాలామటుకు తప్పేది.

పాత పేరు నుంచి ఏదైనా తీసేయక తప్పని పరిస్థితి వస్తే, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ విషయంలో డెబియన్ 13లో ఎంచుకున్న మార్గం నాకు నచ్చింది. జీఎస్‌ఎస్-ఏపీఐ అనే లాగిన్ సదుపాయం కోసం క్లయింట్‌కు ఒకటి, సర్వర్‌కు ఒకటి కొత్త పేర్లు పెట్టారు. ఆ విడుదలలో ఆ ప్యాకేజీల్లో ఏమీ లేదు, సదుపాయం ఇంకా పాతచోటే ఉంది. అది కావలసినవాళ్లు ఇప్పుడే ఆ పేరును ఇన్‌స్టాల్ చేసుకుంటే, తర్వాతి విడుదలలో నిజంగా విడదీసినప్పుడు వాళ్లకు ఇబ్బంది రాదు. ముందు పేరు, తర్వాత కోత.

బిల్డ్‌లో మీకు తగిలే మొదటి దెబ్బ ఒకటి ఉంది. ఒకే ప్యాకేజీ ఉన్నంతకాలం, ప్యాకేజీ బిల్డ్ చేసే పనిముట్టు డెబ్‌హెల్పర్ ఫైళ్లన్నీ తనంతట తానే అందులో పెట్టేస్తుంది. రెండో పేరు చేర్చగానే అన్నిటినీ ఒక తాత్కాలిక ఫోల్డరులో పోసి, ఏది ఎక్కడికో మీరు చెప్పేదాకా ఊరుకుంటుంది. ఒక్కో ప్యాకేజీకి ఇన్‌స్టాల్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైలు రాసి చెప్పాలి. డెబ్‌హెల్పర్ కంపాట్ స్థాయి 13లో, ఎక్కడికీ చేరని ఫైలు మిగిలితే బిల్డ్ ఆగిపోతుంది. ఆగనివ్వండి, ఆ జాబితా చదవండి.

రెండోది, ఒక ప్యాకేజీ నుంచి మరోదానికి వెళ్లిన ఫైళ్లు. మీ విభజన 2.0-1 వెర్షన్‌లో జరుగుతోందనుకుందాం. సర్వర్ మనిషి యంత్రంలో పాత 1.4 ఉంది. ఆయన కొత్త కమాండ్ ప్యాకేజీని దించుకోబోతే, ఈ ఫైలు ఇప్పటికే మరో ప్యాకేజీలో ఉంది, దాని మీద రాయలేను అని డీపీకేజీ మొండికేస్తుంది. అందుకే కొత్త ప్యాకేజీ కంట్రోల్ వివరాల్లో బ్రేక్స్, రిప్లేసెస్ రెండూ రాయాలి, రెండింటిలోనూ పాత పేరు, 2.0-1~ కంటే తక్కువ వెర్షన్ అని. చివరి టిల్డా మరిచిపోకండి. డెబియన్ పాత విడుదల కోసం మీరు మళ్లీ బిల్డ్ చేస్తే (బ్యాక్‌పోర్ట్) దాని వెర్షన్ 2.0-1 కంటే చిన్నదవుతుంది, అప్పటికే విడిపోయిన ప్యాకేజీని కూడా పాతదనుకుని అడ్డుకోకుండా ఉండేది ఆ గుర్తు వల్లే.

విడుదలకు ముందు ఖాళీ డెబియన్ కంటెయినర్లు రెండు తీసుకోండి. ఒకదానిలో కమాండ్ ప్యాకేజీ ఒక్కటే పెట్టబోయి, ఎంత దించాలో, డిస్క్‌లో ఎంత పడుతుందో చెప్పి ఆప్ట్ అనుమతి అడిగే చోట ఆగి జాబితా చూడండి. జీటీకే పేరు ఎక్కడైనా కనిపిస్తే ఏ డిపెండెన్సీ వెనుక నుంచి వచ్చిందో వెతకాలి. తర్వాత నిజంగానే ఇన్‌స్టాల్ చేసి, ఒక పేజీ ఇచ్చి పాఠం తీయించండి. రెండోదానిలో పాత 1.4 పెట్టి, కొత్తదానికి అప్‌గ్రేడ్ చేసి విండో తెరుచుకుంటోందో లేదో చూడండి. ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్ సాఫీగా సాగుతున్నాయో లేదో ప్రతి విడుదలకూ చూడటానికి పియుపార్ట్స్ అనే పనిముట్టు ఉంది, కానీ మొదటిసారి మీ చేత్తో చేసి చూడటమే మంచిది.

సర్వర్ వాడే ఆయనకు జవాబు రాసేటప్పుడు వరుస స్పష్టంగా చెప్పండి. ముందు కొత్త కమాండ్ ప్యాకేజీని పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేయాలి, తర్వాత పాత పేరును తీసేయాలి, చివర్లో, ఇక ఎవరికీ అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్. ఊరికే అప్‌గ్రేడ్ చేసి పాతదాన్ని తీసేస్తే, కమాండ్ ప్యాకేజీ వేరొకదాని కోసం వచ్చినదిగానే లెక్కలో ఉంటుంది, ఆటోరిమూవ్ దాన్నీ జీటీకేతో పాటు ఊడ్చేస్తుంది. ఆ ఉత్తరం కాపీ ఒకటి మీ సీనియర్‌కూ ఇవ్వండి. ఆయన భయపడుతున్నది ఇలాంటి చోట్ల గురించే, వాటిని మీరు ముందే చూశారని తెలిస్తే అడ్డు చెప్పరని నా నమ్మకం.